నలభై సెకన్ల సాంచాల మోత

అమ్మ పోయిన మూడో రోజు మున్సిపాలిటీ వాళ్లు మా తలుపుకు ఒక కాగితం అంటించి వెళ్లారు. లోపల ఇద్దరం, నేనూ బాపూ. నాకు పాజిటివ్, ఆయనకు నెగెటివ్. పద్నాలుగు రోజులు గడప దాటకూడదని, ఇంట్లో కూడా ఒకరికొకరు దూరంగా ఉండాలని గుజరాతీలో అచ్చువేసి ఉంది. నవాగామ్‌లో మాది ఒక్కటే గది. అందులో దూరాన్ని ఎక్కడి నుంచి తెచ్చుకోవాలో ఆ కాగితం రాసిన మహానుభావుడు చెప్పలేదు. అమ్మ చీర ఒకటి తీసి దండెం మీద అడ్డంగా వేశాను. ఇవతల నేను, నా పాత ల్యాప్‌టాప్, కిటికీ. అవతల బాపు, పొయ్యి, తలుపు. కిటికీ పేరుకే. తెరిస్తే పక్క బిల్డింగు గోడ చేతికి తగులుతుంది. ఎండకు ఆ గోడ కాలి, పొద్దుగూకే దాకా నా మొహానికి సెగ కొడుతూ ఉండేది.

బాపుకు చెవులు వినపడవు. ముప్ఫై ఏళ్లు ఖటోదరాలో సాంచాలు నడిపిన మనిషి. పవర్‌లూమ్‌ను మేం సాంచా అంటాం. అవి పదుల కొద్దీ ఒకే షెడ్డులో ఆడుతుంటే గొంతు చించుకున్నా పక్కవాడికి వినపడదు. అందుకని అక్కడ ఎవరూ గొంతు ఖర్చు పెట్టరు. పెదాలు పెద్దగా విప్పి, చప్పుడు లేకుండా, మాటను నోటితో చూపిస్తారు. ఎదుటివాళ్లు చూసి అర్థం చేసుకుంటారు. అమ్మ కూడా అలాంటి షెడ్డులోనే కండెలు చుట్టేది, అంటే దారాన్ని చిన్న చిన్న గొట్టాలకు ఎక్కించే మిషను మీద పని. వాళ్లిద్దరూ ఇంట్లో కూడా అలాగే మాట్లాడుకునేవాళ్లు. చూసిన చుట్టాలు వీళ్ల మధ్య మాటల్లేవేమో అనుకునేవాళ్లు.

నాతో మాత్రం బాపు గొంతు పెట్టే మాట్లాడతాడు, వాడకట్టు మొత్తం వినేటట్టు. నేను అన్నది నా పెదాల మీద చదువుకుంటాడు. కాబట్టి పెదాలు చదవడం నాకు ఏనాడూ అవసరం పడలేదు, నేర్చుకోలేదు. పైగా నేను బతికేది చెవులతో. కతర్‌గామ్‌లో ఒక చిన్న స్టూడియోలో గర్బా పాటలు, పెళ్లి వీడియోలు, భజనలు వస్తుంటే వాటి సౌండు సరిచేసే పని నాది. పాట వెనక ఎక్కడో ఫ్యాను తిరిగినా పట్టేస్తానని నాకు పొగరు. ఆ పొగరు గురించే ఇదంతా చెబుతున్నాను.

ఇప్పుడు నా ముక్కూ నోరూ మాస్కులో ఉన్నాయి. నా మాట బాపుకు అందదు. ఒక రూళ్ల నోటుబుక్కులో రాసి చీర కింద నుంచి అవతలికి తోసేదాన్ని. ఆయన ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంటూ పైకి చదివి, జవాబు నోటితో చెప్పేవాడు. అన్నం, మందులు, నీళ్లు, ఇవన్నీ అలా జరిగిపోయేవి. ఒక్క ప్రశ్నకు మాత్రం నేను ఏం రాసినా ఆయనకు సరిపోయేది కాదు. రోజుకొక్కసారైనా అడిగేవాడు.

“మీ అమ్మకు నా మీద ఏం కోపముండె బిడ్డా? నోరు గూడ చూపియ్యలే నాకు.”

కార్ఖానాలో ఇద్దరికి పడకపోతే తిట్టుకోరు. తిట్టినా ఎవరికి వినపడుతుంది? ఒకరికొకరు నోరు చూపించడం మానేస్తారు. మొహం పక్కకు తిప్పుకోవడమో, కొంగు అడ్డం పెట్టుకోవడమో చేస్తారు. అంతకంటే పెద్ద అవమానం అక్కడ లేదు. అమ్మ చివరి నాలుగు రోజులూ ఇంట్లో మూతికి గుడ్డ విప్పలేదు. బాపు దగ్గరికి వస్తే చెయ్యి ఊపి అవతలికి పొమ్మనేది. కంచం నేల మీద పెట్టి ఇంత దూరం జరిపేది. ఆయన రెండు రోజులు బతిమాలాడు, తరువాత తనూ బిగుసుకున్నాడు. వాళ్ల మధ్య అంతకుముందే ఒక తగవు నడుస్తోంది. కేసులు మళ్లీ పెరుగుతున్నాయి, ఊళ్లకు పోతున్న అందరితోపాటు మనమూ మన ఊరికి, కరీంనగర్ దిక్కు వెళ్లిపోదామని బాపు అన్నాడు. పోయినసారి వెళ్లి ఏం బావుకున్నాం, నేను రానని అమ్మ అంది. ఆ కోపమే పట్టుకుని ఉందని బాపు అనుకున్నాడు. నేనూ అదే అనుకున్నాను. నాలుగో రోజు అమ్మకు ఊపిరి ఆడలేదు. అంబులెన్స్ ఎక్కేటప్పుడు కూడా ఆమె మూతికి గుడ్డే ఉంది. రెండు రోజులకు ఆస్పత్రి నుంచి ఫోనొచ్చింది. మనిషిని మళ్లీ చూపించలేదు.

“జ్వరం ఉంది కాబట్టి గుడ్డ కట్టుకుంది బాపూ, నీకు అంటుకోకూడదని” అని నోటుబుక్కులో రాశాను. ఆయన చదివి తల అడ్డంగా ఊపాడు. “చేతులున్నయ్ గద. ముప్పై ఏండ్ల సంది చేతులతోని ఎన్ని చెప్పలే నాకు? చెప్పాలని ఉంటే చెప్పకపోవునా?” అన్నాడు. నిజమే, అమ్మ ఆయనకు ఏమీ చెప్పే ప్రయత్నం చేయలేదు. అదే నాకూ మింగుడుపడలేదు.

అయితే బాపుకు తెలియనిది ఒకటి నా ఫోనులో ఉంది. గుడ్డ కట్టుకోవడం మొదలుపెట్టిన రోజు మధ్యాహ్నం అమ్మ షెడ్డు నుంచి నాకొక వీడియో పంపింది. నలభై సెకన్లు. నేను ఇంట్లో హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఒక పెళ్లి వీడియో సౌండు చేస్తున్నాను. నొక్కగానే సాంచాల మోత చెవుల్లో పడింది. చిరాకేసి రెండు సెకన్లకే ఆపేశాను. సాయంత్రం అమ్మ వచ్చి, మూతికి గుడ్డతోనే గుమ్మంలో నిలబడి, “నేను పంపింది ఇన్నవా?” అని అడిగింది. ఒక చెవి మీది హెడ్‌ఫోన్ కాస్త జరిపి, “ఆఁ, విన్నా” అన్నాను. ఇంకేం అడగకుండా ఉంటుందని. “ఐతే ఇగ నీదే జిమ్మ” అంది. దేనికి నా బాధ్యతో ఒక్క క్షణం అర్థం కాలేదు. అడుగుదామనుకున్నాను. పెళ్లి వీడియోలో బ్యాండు మొదలైంది, హెడ్‌ఫోన్ సర్దుకున్నాను.

ఇది నేను ఎవరికీ చెప్పలేదు. ఆమె ఆ నలభై సెకన్లలో ఏం చెప్పింది? బాపు మీద కోపం ఎందుకో చెప్పిందా? అదే అయితే, అది ఆయనకు చెప్పగలనా? ముందు నేను ఒక్కదాన్నే వినాలి, ఆ తరువాతే ఆయనకు చెప్పాలో వద్దో చూసుకోవాలి అని నిర్ణయించుకున్నాను. వీడియో నుంచి సౌండు ఒక్కటీ వేరు చేసి ల్యాప్‌టాప్‌లో పెట్టుకున్నాను. బొమ్మ వైపు మళ్లీ చూడలేదు. అమ్మ మొహం చూస్తే పని సాగదని నాకు తెలుసు.

మోతలోంచి గొంతును విడదీసే ప్లగిన్ ఒకటి ఉంది. సౌండు సరిచేసే సాఫ్ట్‌వేరుకు తగిలించుకునే చిన్న పనిముట్టు అనుకోండి. లైసెన్సు నా పేరునే ఉంది. కానీ అది విండోస్‌లోనే నడుస్తుంది. విండోస్ ఉన్న మంచి కంప్యూటరు స్టూడియోలో ఉంది, స్టూడియో ఉన్న బిల్డింగులో పైన వజ్రాలు సానపట్టే వాళ్లకు కేసులు వచ్చి మొత్తం సీలు వేశారు. నా ల్యాప్‌టాప్ మరీ ముసలిది, విండోస్ మోయలేక కూలబడితే దాని బదులు తేలికైన లైనక్స్ వేసుకున్నాను. ఫైలు పంపితే ఇంకెవరితోనైనా చేయించి ఇస్తానని స్టూడియో యజమాని ఫోనులో అన్నాడు. వద్దన్నాను. మా అమ్మ ఆఖరి మాట ముందుగా ఎవడో హెడ్‌ఫోన్లు పెట్టుకుని, చాయ్ తాగుతూ వింటాడా? ఒంటి మీద జ్వరం ఉన్నా ఆ ఊహకే ఒళ్లు మండింది.

విండోస్ కోసం చేసిన ప్రోగ్రాములను లైనక్స్‌లో నడిపించడానికి వైన్ అని ఒక దుబాసీ ఉంది. అటు మాట ఇటు, ఇటు మాట అటు చెబుతుంది. లోపల తనకోసం ఒక ఉత్తుత్తి సి డ్రైవు కట్టుకుని, ప్లగిన్‌ను నువ్వు విండోస్‌లోనే ఉన్నావని నమ్మిస్తుంది. దాన్ని నా సాఫ్ట్‌వేరుతో కలపడానికి మధ్యలో ఇంకో వంతెన ప్రోగ్రాం వేయాలి. స్టూడియోలో ఇలాంటివన్నీ ఒక సాయంత్రంలో చేసేస్తానని గొప్పలు చెప్పేదాన్ని. మొదటి రోజు ప్లగిన్ ఎక్కించి, తెరిచాను. తెరుచుకోలేదు. టెర్మినల్‌లో, అంటే ఆదేశాలు టైపు చేసే నల్ల తెర మీద, ఒక వరుస వచ్చింది, ఫలానా లైబ్రరీ ఫైలు కావాలి, దొరకలేదు అని.

లైబ్రరీ ఫైలంటే చాలా ప్రోగ్రాములు పంచుకుని వాడుకునే సామాను. ప్లగిన్ తనతో తెచ్చుకోదు, విండోస్‌లో ఎలాగూ ఉంటుందని ధీమా. వైన్ ఇంట్లో అది లేదు. సరే, తెచ్చి పెట్టాను. అప్పుడు అది పోయి ఇంకో పేరు వచ్చింది. దాన్నీ తెచ్చాను. ఆ రెండోదానికి మూడోది కావాలట. ఒక్కొక్కటి దింపుకోవడానికి ఫోనులో రోజువారీ డేటా అయిపోయేది, మర్నాటి దాకా చేతులు ముడుచుకుని కూర్చోవాలి. గదిలోంచి బయటికి దారి లేదు, ఆ ఎర్రర్లోంచి బయటికి దారి లేదు. రోజంతా అదే వరుస, చివర ఒక పేరు మాత్రం మారుతూ. నాకు వాసన తెలియడం మానేసింది. పక్కింటి మరాఠీ ఆమె గుమ్మం ముందు పెట్టి వెళ్లే ఖిచ్డీ మట్టిలా ఉండేది. చీర అవతల బాపు అటూ ఇటూ నడిచేవాడు, నాలుగు అడుగులు వేస్తే గోడ, మళ్లీ నాలుగు అడుగులు.

ఆరో రోజుకు తల ప్రాణం తోకకొచ్చింది. కావలసిన ఫైలు కళ్ల ముందే ఉంది, అయినా దొరకలేదనే అంటోంది. వైన్ కట్టిన ఆ సి డ్రైవులో రెండు అరలు ఉంటాయి, ఒకటి సిస్టం32, ఇంకొకటి సిస్‌వావ్64. ఫైళ్లూ అలాగే రెండు రకాలు. ముప్ఫైరెండు బిట్ల ఫైలును పేరులో ముప్ఫైరెండు ఉన్న అరలో, అరవైనాలుగు బిట్లదాన్ని అరవైనాలుగు ఉన్న అరలో పెట్టాను. ఎవరైనా అంతే చేస్తారు కదా. తీరా చూస్తే అవి తిరగేసి ఉంటాయట, పాత రోజుల నుంచి అలాగే వస్తోందట. పేరు చూసి నమ్మి మూడు రోజులు తగలేశాను. కోపంతో ఆ సి డ్రైవు మొత్తాన్ని చెరిపేసి, కొత్తది కట్టి, కథ మొదటి నుంచి మొదలుపెట్టాను. ఈసారి ఫైళ్లను చేత్తో తెచ్చి పెట్టకుండా, వాటి చోట్లలో వాటిని సర్దే స్క్రిప్టుతో ఎక్కించాను. డేటా చాలక రెండు రోజులు పట్టింది.

మధ్యలో ఒకనాడు బాపు చీర అవతల నుంచి, “ఏం పని బిడ్డా, జరంల గూడ?” అని అడిగాడు. స్టూడియో పని అని రాసి తోశాను. ఇది నా రెండో అబద్ధం, ఆయనకు. మొదటిది అమ్మకు.

తొమ్మిదో రోజు పొద్దున పది గంటలకు తెర మీద ప్లగిన్ కిటికీ తెరుచుకుంది. కాసేపు నల్లగా నిలబడి, ఆ తరువాత బొత్తాలూ గీతలూ ఒక్కొక్కటే వచ్చాయి. సౌండు లోపల పెట్టి, మోతను తీసేయమని నొక్కి, హెడ్‌ఫోన్లు చెవులకు అదుముకున్నాను.

సాంచాలు మెల్లగా దూరమై మాయమైపోయాయి. ఎంత శుభ్రంగా తీసేసిందంటే, షెడ్డు బయట ఎక్కడో హారన్ కూడా తెలిసింది. బట్ట రాసుకున్న చప్పుడు, గుడ్డ కిందికి లాగుతోందన్నమాట. ఒక ఊపిరి. ఒక చిన్న దగ్గు. ఇంకేమీ లేదు. నలభై సెకన్లూ అంతే.

గొంతును కూడా మింగేసిందనుకున్నాను. బొత్తాలు తగ్గించాను, పెంచాను. మళ్లీ సాంచాలు, మళ్లీ ఏమీ లేకపోవడం. దాని మధ్యలో ఎక్కడా అమ్మ గొంతు లేదు. ప్లగిన్‌ను తిట్టాను, దాన్ని చేసినవాణ్ని తిట్టాను, కార్ఖానాను తిట్టాను, పైకే తిట్టాను, వినే మనిషి ఎవరూ లేరు కాబట్టి. గొంతు ఏ సెకనులో మొదలవ్వాలో తెలిస్తే అక్కడ జాగ్రత్తగా విప్పొచ్చని తట్టింది. దానికి బొమ్మ చూడక తప్పదు. వీడియో పెట్టాను.

అమ్మ గోడ వైపు తిరిగి, ఫోను మొహానికి ఎదురుగా పట్టుకుని ఉంది. వెనకాల సాంచాలు. గుడ్డ కిందికి లాగి మాట్లాడుతోంది. పెదాలు పెద్దగా విప్పి, మెల్లగా. ఆ గదిలో అందరూ అలాగే మాట్లాడతారు. నాకు అప్పుడు తెలిసింది. ఆమె అసలు గొంతే విప్పలేదు. ఆ మోతలో గొంతు విప్పే అలవాటు ఆమెకు ఏనాడో పోయింది. లేని గొంతు కోసం నేను తొమ్మిది రోజులు తవ్వాను.

అదే సమయానికి బాపు చాయ్ గ్లాసు పెట్టడానికి చీర ఒక పక్కకు జరిపాడు. రోజూ స్టూలు మీద పెట్టి వెనక్కి వెళ్లిపోతాడు. ఆ రోజు వెళ్లలేదు. తెర మీద అమ్మ మొహం చూసి అలాగే నిలబడిపోయాడు. ఆపేద్దామని చెయ్యి పెట్టాను. “ఆపకు” అన్నాడు, గది అదిరేలా. “మొదటి సంది వెయ్యి.”

ఎప్పుడు పంపిందో, ఎందుకు దాచానో ఏమీ అడగలేదు. మొదటి నుంచి వేశాను. ఆయన చాయ్ గ్లాసు చేతిలోనే పట్టుకుని, కళ్లు చికిలించి, ఆమె పెదాల వెనకే నడుస్తూ ఒక్కొక్క మాటే పైకి అన్నాడు. ఎవరి మాటో, ఎవరికి చెప్పిందో అప్పటికి ఆయన ఆలోచించినట్టు లేదు, చదవడం మాత్రమే చేస్తున్నాడు.

“బిడ్డా... నిన్నటి సంది నాకు జరమున్నది. ఇక్కడ ఎవరికి చెప్పలే. ఇయ్యాల్టి సంది ఇంట్ల నోటికి గుడ్డ కట్టుకునే ఉంట. మీ బాపుకు నా మాట తెల్వది. కోపమొచ్చిందనుకుంటడు.” అక్కడ ఆయన గొంతు తగ్గింది. “కోపం లేదని నువ్వు చెప్పు. జర దూరముండుమను. నేను చేతులూపుకుంట చెప్తే దగ్గరికొస్తడు, ఇనడు. నువ్వే చెప్పు. ఊరికి పోదామన్నడు గద... తగ్గినంక పోదామని చెప్పు.”

వీడియో ఆగిపోయింది. గ్లాసులో చాయ్ మీద మీగడ కట్టింది. ఆయన మళ్లీ వేయమనలేదు. నేల మీద కూర్చున్నాడు, చీర మా మధ్య లేకుండానే. దూరంగా జరగమని నేను చెయ్యి ఊపబోయి, ఆ సైగ ఎవరిదో గుర్తొచ్చి ఆగిపోయాను.

గ్లాసు పక్కన పెట్టి నా వైపు తిరిగాడు. మొహంలో కోపం లేదు, నిజంగా తెలియకే అడిగాడు.

“మరి నాకెందుకు చెప్పలే నువ్వు?”

నేను ఏదో అన్నాను. మాస్కు లోపల ఏమన్నానో నాకే తెలియదు. ఆయన నా నోటి దిక్కు చూసి, “గుడ్డ తీసి చెప్పు” అన్నాడు. మాస్కు మీద చెయ్యి వేశాను. తీయలేకపోయాను. దూరంగా ఉండమని చెప్పే పని నాకు అప్పగించి పోయింది ఆమె. అదొక్కటీ ఇప్పుడైనా చేయాలి.

నోటుబుక్కు తీసుకుని రెండు వాక్యాలు రాశాను. కాలితో ఆయన వైపు తోశాను. మొదటిది ఎప్పటిలాగే కూడబలుక్కుంటూ, వాడకట్టు వినేంత గట్టిగా చదివాడు. “అమ్మ పంపింది నేను వినలేదు బాపూ.” రెండో వాక్యం దగ్గరికి వచ్చి ఆగాడు. విన్నానని అమ్మతో అబద్ధం చెప్పాను అని రాశాను. దాన్ని ఆయన పైకి చదవలేదు. పెదాలు మాత్రం కదిలాయి, మెల్లగా, ఒక్కొక్క మాటే. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఒక మనిషి పెదాలు నేను చదవగలిగాను.